నీలం పడుగు

కాదు, నిన్న ఇంత పసుపు లేదు, నిన్న ఉన్నది వెచ్చదనం, వీడియోలకు రంగులు దిద్దడం నేర్పే గడ్డం మాస్టారి మాటే అది, చల్లగా పడిన బొమ్మకు కాస్త వెచ్చదనం ఇవ్వండి అన్నాడు పాఠంలో, ఇచ్చింది, ఇచ్చి మురిసిపోయింది కూడా, నిన్న రాత్రి కంప్యూటరు కట్టేసే ముందు చూసుకుంటే తెర మీద అక్క మొహం పొద్దుటి ఎండలో కూర్చున్నట్టు ఉంది, ఇప్పుడు అన్నం తిని వచ్చి తెరిచేసరికి అదే మొహం, అదే కుట్టుమిషను, కాలరు ముక్కను వేళ్ళతో మడుస్తున్న అవే చేతులు, రంగు మాత్రం వేరు. చెల్లెలు ముందుకు వంగింది. వెనక్కి జరిగింది. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మొహం సంగతి సరే, మొహం పసుపుగా కనబడటానికి వంద కారణాలుంటాయి, గోడ రంగు పడొచ్చు, దీపం రంగు పడొచ్చు, కానీ కళ్ళు, అక్క తల ఎత్తి కెమెరా వైపు చూసి "ఇక్కడ తొందరపడకూడదు" అన్న చోట బొమ్మను ఆపింది, పెద్దది చేసింది, కనుపాపకు అటూ ఇటూ ఉండే తెలుపు తెల్లగా లేదు. పాత పుస్తకం అంచులా ఉంది. డాక్టరమ్మ మాట చెవి పక్కనే ఉన్నట్టు వినబడింది. కళ్ళలో పసుపు కనబడితే ఆ రోజే తీసుకురండి, రేపు అనుకోవద్దు, ఫోన్లో అడగొద్దు, తీసుకురండి అంతే. నాలుగు నెలలైంది ఆ మాట అని. నాలుగు నెలలుగా ఆ మాట ఈ ఇంట్లో మూడో మనిషిలా తిరుగుతోంది.

లేచి పక్క గదిలోకి వెళ్ళి చూస్తే తేలిపోతుంది కదా, ఎనిమిది అడుగులు, తలుపు కూడా గడియ పెట్టి లేదు, అక్క మధ్యాహ్నం కునుకు తీస్తోంది, రెప్ప పైకెత్తి చూడటం ఎంతసేపు. కానీ ఆ పని చేసే హక్కు ఆమెకు పోయి మూడు వారాలైంది. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, నలక పడిందనో, కాటుక చెదిరిందనో, ఏమీ దొరక్కపోతే ఊరికే ఇటు చూడు అనో, రెప్ప కిందికి లాగి చూసేది, అక్క కొన్నాళ్ళు ఊరుకుంది, తర్వాత ఒక రోజు చేతిలో ఉన్న సూది చూపించి, "ఇంకోసారి నా కంటి మీద చెయ్యి వేశావంటే నీ రెప్పలు రెండూ కలిపి కుట్టేస్తా, బొత్తాం కుట్టు కుడతా, ఊడి కూడా రాదు" అంది. నవ్వుతూనే అంది. నవ్వు లేకుండా ఇంకో మాట కూడా అంది, "నువ్వు నన్ను చూడట్లేదే, తనిఖీ చేస్తున్నావు." అప్పట్నుంచీ దొంగచూపులే, అక్క గుమ్మంలోకి రాగానే ముందు కళ్ళు, తర్వాత మనిషి. ఇవాళ పొద్దున కూడా చూసింది, తెల్లగానే ఉన్నట్టుంది. ఉన్నట్టుంది, అదే చిక్కు, అప్పుడు కూడా ఉన్నట్టే ఉంది. పిత్తనాళానికి రాయి అడ్డుపడి అక్క ఒళ్ళంతా పచ్చబడుతున్న ఆ పది రోజులూ పక్కనే కూర్చుని అన్నం తింది, ఎదురుగా కూర్చుని మాట్లాడింది, ఒక్క రోజు కూడా కనబడలేదు. రెండు నెలలకోసారి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చే మనిషి, గుమ్మంలో నిలబడి అంకెలు రాసుకుంటూ తలెత్తి, "ఏంటమ్మా, ఈవిడ కళ్ళు అంత పచ్చగా ఉన్నాయి?" అన్నాడు. అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దింది తను, కామా తలకిందులుగా పడితే రెండు మూరల దూరం నుంచి పట్టుకునేది, తన కళ్ళంటే యజమానికే భయం, ఆ కళ్ళకు ఇంట్లో మనిషి కళ్ళు కనబడలేదు. మీటరు చూసేవాడికి కనబడ్డాయి. ఆ మాట ఎవరితోనూ అనలేదు, అక్కతో అసలే అనలేదు, అంటే అక్క కొట్టిపారేస్తుంది, కొట్టిపారేయించుకోవడం ఇష్టం లేదు.

అందుకని తెర. తెర అయితే అబద్ధం చెప్పదనుకుంది, ఆ అనుకోవడమే పొరపాటని పది రోజుల్లో తెలిసిపోయింది, తెర చెప్పినన్ని అబద్ధాలు ఇంకెవరూ చెప్పరు. కుట్టు నేర్పే బడిలో అక్క ఇంక గంటల తరబడి నిలబడలేదు కాబట్టి పాఠాలు వీడియో తీసి పంపమన్నారు, తీయడం చెల్లెలి వంతు, కత్తిరించి అతికించడం చెల్లెలి వంతు, రంగులు దిద్దడం అనే పని ఒకటి ఉందని అప్పటిదాకా తెలియదు. గడ్డం మాస్టారు ఎవరో, ఏ దేశంలో ఉంటాడో, గడ్డం మాత్రం బొడ్డు దాకా ఉంటుంది, కంప్యూటర్లో పాఠాలు చెబుతాడు. ముందు దిద్దండి, తర్వాత అద్దండి, అంటాడు. దిద్దడమంటే తెలుపును తెలుపుగా, నలుపును నలుపుగా నిలబెట్టడం, అద్దడమంటే ఆ పైన మన మనసులో ఉన్న రంగు పూయడం, చాలామంది దిద్దకుండానే అద్దుతారు, మురికి బట్టకు అత్తరు పూసినట్టు. ఈ మాట ఆమెకు నచ్చింది, ప్రూఫు చూడకుండా అట్ట బొమ్మ వేసుకునే రచయితలు గుర్తొచ్చారు. తెర కింద మూడు రంగుల చక్రాలు, నీడలకొకటి, నడిమి వెలుగుకొకటి, బాగా తెల్లనివాటికొకటి, పక్కన కంట్లో మందు వేసే గొట్టంలాంటి చిన్న బొమ్మ, డ్రాపర్ అంటారు, దాన్ని తీసుకెళ్ళి తెల్లటిదో బూడిద రంగుదో ఏదైనా వస్తువు మీద నొక్కితే చాలు, ఓహో ఇది రంగు లేని వస్తువన్నమాట అనుకుని కంప్యూటరు మిగతా రంగులన్నీ దాని ప్రకారం సర్దేస్తుంది. నిన్న ఆ పనే చేసింది. కిటికీ వెలుగులో తీసిన బొమ్మ అంతా నీలంగా పడింది, అక్క ముందు పరిచి ఉన్న బూడిద రంగు చొక్కా గుడ్డ కూడా నీలంగానే కనబడింది, డ్రాపర్ తీసుకెళ్ళి ఆ గుడ్డ మీద నొక్కింది, నీలం పోయింది, ఎండ వచ్చింది, మురిసిపోయి అదే దిద్దుబాటును మిగిలిన పదకొండు వీడియో ముక్కలకూ ఒకేసారి అంటించేసి నిద్రపోయింది.

ఇప్పుడు ఆ దిద్దుబాటు పక్కనున్న టిక్కు తీసేసింది. నీలం. అక్క చలిలో ఉన్నట్టు, పెదాలు కూడా నీలం, కళ్ళ తెలుపు కూడా నీలమే. టిక్కు పెట్టింది. పసుపు. తీసింది. పెట్టింది. నీలంలో ఉన్నప్పుడు హాయిగానే ఉంది గానీ ఆ హాయిని నమ్మడానికి లేదు, పసుపు మీద నీలం పోస్తే పసుపు కనబడకుండా పోతుంది, కనబడనంత మాత్రాన లేదని కాదు. మరి పసుపును నమ్మాలా. వెచ్చదనం పెంచడానికీ తగ్గించడానికీ అటూ ఇటూ జరిపే గడిని పట్టుకుని నీలం వైపు కొంచెం లాగింది, అక్క మొహం మామూలుగా అయింది, ఇంకొంచెం లాగింది, కళ్ళు తెల్లబడ్డాయి, గడిని మొదటి చోటికే తోసేసి చెయ్యి మౌసు మీద నుంచి తీసేసింది, కాలినట్టు. ఇలా అయితే ఎవరి కళ్ళైనా తెల్లబడతాయి. అక్క పచ్చబడ్డ ఆ పది రోజుల్లో వీడియో తీసి ఉంటే ఆ కళ్ళను కూడా ఇలాగే ఒక్క లాగుడుతో తెల్లగా చేసి ఉండేది, చూసి తృప్తిగా అన్నం తిని ఉండేది. అసలు అప్పుడు చేసింది అదే కదా, గడి లేకుండా, లోపల్లోపలే. గుండ్రటి పళ్ళెం లాంటి కొలత ఇంకొకటి ఉంది, అందులో రంగులన్నీ పొగలాగా కనబడతాయి, ఏటవాలుగా ఒక గీత, మనిషి చర్మం నల్లనిదైనా తెల్లనిదైనా ఆ గీత చుట్టూనే ఉండాలి, ఎందుకంటే లోపల ప్రవహించే నెత్తురు అందరిదీ ఒకటే, అని మాస్టారు చెప్పినప్పుడు భలే ఉందే అనుకుంది. ఆ పళ్ళెంలో అక్క మొహం తాలూకు పొగ గీత దాటి పసుపు వైపు వాలి ఉంది. వాలితే ఏం, వెలుగు వల్ల వాలిందా, నెత్తురు వల్ల వాలిందా, పొగ చెప్పదు. చెప్పగలిగింది ఒక్కటే ఉంది, దాన్ని తనే కత్తిరించి పారేసింది.

కాగితం. ప్రతి షాటుకు ముందు మొహం పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోమనండి, మూడు సెకన్లు చాలు, అన్నాడు మాస్టారు, మొహాన్ని నమ్మకండి, మొహాలు రోజుకో రకంగా ఉంటాయి, కాగితాన్ని నమ్మండి. పట్టుకోమంది, అక్క పట్టుకుంది. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు, అనవసరమైన మాట కనబడితే చెయ్యి ఊరుకోదు, రంగుల దాకా రాకముందే పన్నెండు ముక్కల తలలూ నీట్‌గా తెగ్గోసేసింది. తెగ్గోసినంత మాత్రాన పోలేదు, ముక్క అంచు పట్టుకుని ఎడమ వైపు లాగితే కింద దాక్కున్నది బయటికి వస్తుంది. లాగడమే. మౌసు అక్కడికి వెళ్ళింది, బాణం గుర్తు మారింది, ఆగింది. కాగితం కూడా పసుపుగా ఉంటే తప్పు తనది, అంతకంటే భాగ్యం లేదు. కాగితం తెల్లగా ఉండి దాని పక్కన మొహం పసుపుగా ఉంటే? అప్పుడు సంచీ సర్దాలి, రిపోర్టుల ఫైలు తీయాలి, నిద్ర లేపాలి, లేపి ఏమని చెప్పాలి, మళ్ళీ ఆ పొడుగు వరండా, మళ్ళీ చక్రాల కుర్చీ కిర్రుమనడం, మళ్ళీ అక్క జోకులు వేస్తూ చెయ్యి గట్టిగా పట్టుకోవడం, జోకులు వేస్తున్నప్పుడే పట్టు బిగుసుకునేది, వేళ్ళు నొప్పి పుట్టేవి. పక్క గదిలో ఫ్యాను తిరుగుతోంది. దాని కింద ఊపిరి వినబడుతుందేమోనని చెవి పెట్టింది, ఫ్యాను తప్ప ఏమీ వినబడలేదు. ఎవరో వీధిలో మోటారు సైకిలు ఎంతకీ స్టార్టు కాక తంటాలు పడుతున్నారు, ఒకటి, రెండు, మూడు, ఆరోసారికి అందుకుంది, అందుకుని వెళ్ళిపోయింది, ఆ చప్పుడు వీధి చివర కలిసిపోయేలోపు ఆమె అంచు పట్టుకుని లాగేసింది.

అక్క గొంతు వచ్చింది ముందు. "ఇదిగో తెల్లజెండా, లొంగిపోయాను, ఇంక కాల్చకు." తర్వాత కెమెరా వెనక నుంచి తన గొంతే, ఎంత విసుగ్గా ఉందో, "మొహానికి అడ్డం పెట్టకక్కా, పక్కన పట్టుకో." "నా మొహం ఎవడిక్కావాలే, కాలరు చూస్తారు గానీ." కాగితం పక్కకు జరిగింది. చెల్లెలు బొమ్మ ఆపింది. కాగితం పసుపుగా ఉంది. మొహం కంటే పసుపుగా ఉంది. తెల్ల కాగితాల కట్టలోంచి ఆమె స్వయంగా లాగి ఇచ్చిన కాగితం, మడత కూడా పడనిది, ఎవరో దాన్ని చారులో ముంచి ఆరబెట్టినట్టు ఉంది, ఇంత అందమైన పసుపు ఆమె జన్మలో చూడలేదు.

డ్రాపర్ తీసింది, గురి తప్పి మొదటిసారి గోడ మీద పడింది, అక్క ఊదా రంగుకు తిరిగింది, వెనక్కి తీసుకుని ఈసారి కాగితం మధ్యలో నొక్కింది. కాగితం తెల్లబడింది. మిషను నల్లబడింది. అక్క మొహం మొహమైంది, చామనఛాయ, ముక్కు పక్కన పుట్టుమచ్చ, కళ్ళు, పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది, చుక్కలు చుక్కలుగా విడిపోయేదాకా, తెలుపు. పళ్ళెంలో పొగ లేచి వెళ్ళి గీత మీద పడుకుంది. అంతలోనే ఇంకొకటి కనబడింది. గుడ్డ. బూడిద రంగు చొక్కా గుడ్డ నీలంగా మారింది, లేత నీలం, సందేహం లేదు, ఆకాశంలా. బూడిద రంగుది బూడిద రంగుగా ఉండాలి కదా, నీలంగా ఉందంటే ఇంకా ఎక్కడో నీలం మిగిలే ఉంది, మిగిలి ఉంటే ఈ తెలుపు తెలుపు కాదు, మళ్ళీ నీలం చాటున పసుపు, మళ్ళీ మొదటికొచ్చింది. కాగితం ఒకటి చెబుతోంది, గుడ్డ ఇంకొకటి చెబుతోంది. ఇద్దరు సాక్షులు, ఒకరిది అబద్ధం. ఇంక ఆగలేకపోయింది.

"అక్కా! పడుకున్నావా?"

"పడుకున్నా. ఇప్పుడు లేచా. ఇల్లు కాలిపోతోందా?"

"కాదు. కాలరు పాఠంలో వాడావే, ఆ గుడ్డ ఏం రంగు?"

"దేనికీ?"

"ఊరికే చెప్పు. బూడిద రంగే కదా?"

"బూడిద రంగేంటే, నీ మొహం! నీలం పడుగు, తెల్ల పేక. దూరం నుంచి చూస్తే బూడిదలా ఉంటుంది, చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. ముప్పై ఏళ్ళు నా పక్కన ఉండి గుడ్డ రంగు తెలియదు నీకు. ఎవరితోనైనా అనేవు, నా పరువు పోతుంది."

పడుగు నీలం. పేక తెలుపు. నిలువు దారం ఒక రంగు, అడ్డదారం ఒక రంగు, రెండూ కలిసి దూరం నుంచి ఏ రంగూ లేనట్టు నటించాయి, ఆమె నమ్మింది, నమ్మి ఆ నీలాన్ని పట్టుకుని ఇదే రంగు లేనిది అని కంప్యూటరుకు చెప్పింది, అది చెప్పినట్టు విని నీలాన్ని చంపడానికి ప్రపంచం మొత్తానికి పసుపు పూసింది. గోడకు పూసింది, మిషనుకు పూసింది, అక్క కళ్ళకు పూసింది. ఒక్క నొక్కుతో అక్కకు పచ్చకామెర్లు తెప్పించింది, తెప్పించి పదకొండు ముక్కలకు అంటించి హాయిగా నిద్రపోయింది. నవ్వు వచ్చింది. గొంతులో మొదలై కడుపులోకి దిగి ఆగలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కళ్ళద్దాల మీద తడి చేరింది, అది నవ్వు వల్లేనని తనకు తనే చెప్పుకుంది, చెప్పుకోవాల్సిన అవసరం ఏమీ లేదని కూడా అనుకుంది. భుజాలు కిందికి దిగాయి. నాలుగు నెలలుగా అవి చెవుల దగ్గరే ఉన్నాయి కాబోలు.

"ఏంటే, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" గోడ అవతల నుంచి.

"నీకు జబ్బు చేయించాను, ఇప్పుడే నయం చేశాను."

"ఫీజు మాత్రం అడక్కు."

పన్నెండు ముక్కలకూ కొత్త దిద్దుబాటు అంటిస్తోంది, ఈసారి ఒక్కొక్కటే, ఒక్కొక్క కాగితాన్నీ బయటికి లాగి, ఒక్కొక్క దాంట్లో అక్క ఒక్కొక్క వేషం, ఒక దాంట్లో కాగితాన్ని విసనకర్రలా ఊపింది, ఒక దాంట్లో దాని వెనక దాక్కుని తొంగిచూసింది. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే మనసు మళ్ళీ ఆ పది రోజుల దగ్గరికి వెళ్ళింది, వెళ్తే ఎప్పుడూ వెంటనే వెనక్కి వచ్చేసేది, ఈసారి రాలేదు, ఆశ్చర్యపడి ఇంకొంచెం దగ్గరికి వెళ్ళి చూసింది. నాలుగో పాఠంలోనో ఐదో పాఠంలోనో మాస్టారు ఒక మాట అన్నాడు, అప్పుడు రాసుకుంది, అర్థం చేసుకోలేదు. పది నిమిషాలకోసారి లేచి బయటికి వెళ్ళి రండి, తెర దగ్గరే కూర్చుంటే మీ కన్ను మీకు తెలియకుండా తనను తను దిద్దేసుకుంటుంది, ఎంత పసుపైనా కాసేపటికి తెల్లగానే కనబడుతుంది, అది కంటి లోపం కాదు, కన్ను అంటేనే అది. నిన్న రాత్రి ఈ పసుపే ఆమెకు ఎండలా కనబడలేదూ, గంటసేపు దాని ముందు కూర్చుని ఉన్నందుకేగా. మరి పది రోజులు, రోజుకింత, ఒక్కొక్క చుక్క చొప్పున పెరిగిన పసుపు ముందు, ఒకే ఇంట్లో, ఒకే దీపం కింద కూర్చున్న కన్ను ఏం చేస్తుంది. రెండు నెలలకోసారి వచ్చే కన్నుకు కనబడిందంటే అది ఎక్కువ ప్రేమించినందుకు కాదు, అది బయటి నుంచి వచ్చినందుకు. అచ్చాఫీసులో కూడా ఎవరు రాసిన పేజీని వాళ్ళ చేతికి ప్రూఫుకు ఇచ్చేవాళ్ళు కాదు, ఆ నియమం ఆమే పెట్టించింది, చదివీ చదివీ అలవాటైన పేజీలో తప్పు కూడా ఒప్పులాగే కనబడుతుందని యజమానితో ఆమే వాదించింది, ఇంట్లో మాత్రం ఆ నియమం మర్చిపోయి తనను తనే నేరస్థురాల్ని చేసుకుని కూర్చుంది. నిర్లక్ష్యం కాదు. అలవాటు. ఆ రెండింటి మధ్య ఇంత దూరం ఉందని, ఆ దూరంలో ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చని ఇప్పుడే తెలిసింది. డాక్టరమ్మకు మూడు నెలలకోసారి చూపించాలి, రక్తం ఇవ్వాలి, అవి కాగితాలు, వాటి పని అవి చేస్తాయి. రోజూ పొద్దున్నే కాగితం పని కన్ను చేయనక్కర్లేదు.

దిద్దడం అయిపోయింది, ఇంక అద్దడం. బుగ్గల మీద కాస్త గులాబీ వేసి చూసింది, అక్క పెళ్ళిపీటల బొమ్మలా అయింది, తీసేసింది. కళ్ళ కింద నల్లటి వలయాలున్నాయి, వాటి చుట్టూ గీత గీసి ఆ చోట మాత్రం వెలుగు పెంచడం ఎలాగో కూడా మాస్టారు నేర్పాడు, గీసింది, పెంచింది, పదేళ్ళు తగ్గాయి. ఆ పదేళ్ళు తగ్గిన మనిషి ఎవరో బాగానే ఉంది, కానీ నాలుగు నెలల కింద చక్రాల కుర్చీలో జోకులు వేసింది ఆవిడ కాదు. వలయాలు తిరిగి పెట్టేసింది. నీడల్లో కొంచెం వెచ్చదనం, కావాలనే, కొలిచి, చిటికెడంత, మిషను నలుపు మెత్తబడింది, గుడ్డ మాత్రం నీలంగానే ఉండనిచ్చింది. ముక్క మొదటి నుంచి నడిపించింది. తెర మీద అక్క మూల దగ్గర మిగులు గుడ్డను కుట్టు దాకా కత్తిరించి, కాలరు ముక్కను తిరగేసి, సూది మొనతో మూలను బయటికి తోస్తూ "ఇక్కడ తొందరపడకూడదు" అంది, తల ఎత్తింది, చూసింది. చెల్లెలు ఆ చూపును ఆపలేదు, పెద్దది చేయలేదు, దాన్ని దాటి పోనిచ్చి తర్వాతి కుట్టు చూసింది, నిజంగానే చూసింది, కాలరు మూల అంత సూటిగా ఎలా వస్తుందో ఇన్నేళ్ళలో మొదటిసారి అర్థమైంది.

పక్క గదిలో మంచం కదిలింది. ఫ్యాను ఆగింది. చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

"ఏదీ, నా సినిమా ఎంతవరకూ వచ్చింది?"

మెడ దానంతట అదే తిరగబోయింది, ముందు కళ్ళు, తర్వాత మనిషి, నాలుగు నెలల అలవాటు. ఆమె తెర వైపే చూస్తూ, తల తిప్పకుండా, కూర్చున్న బల్ల మీద అక్కకు చోటిస్తూ కొంచెం పక్కకు జరిగింది.